మడుగు, మావు, కలుజు: మన మాటలే మన దస్తావేజులు

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

సంగం అంటేనే కలయిక. బీరాపేరు, బొగ్గేరు వచ్చి పెన్నలో కలిసే చోటు గనక ఊరికి ఆ పేరు. ఆ నీళ్ల ఒడ్డున మన యానాదులు ఎన్ని తరాలుగా బతుకుతున్నారో చెప్పే పట్టా మన ఇళ్లలో వెతికితే దొరకదు. కాగితం లేదు గానీ మాటలున్నాయి. వాటిని చరిత్రగా చదవొచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మ్యాపులో పెన్న ఒకే నీలం గీత. మన తాతలకు అది ఒకటి కాదు. ఏరు వేరు, వాగు వేరు, వంక వేరు. ఎండాకాలం ఏరంతా ఎండినా నీళ్లు నిలిచే లోతు మడుగు. ఇసుకలో చేత్తో తవ్వితే తాగే నీరు ఊరే గుంట చెలమ. ఏరు చీలి పారితే పాయ. సముద్రం దగ్గరికి పోతే ఉప్పుటేరు. ఇక చెరువు నిండి మిగులు నీరు పొర్లే చోటు కలుజు. కలుజు పారిందంటే చేప ఎదురెక్కుతుంది, అక్కడ మావు పెట్టాలి. అంటే ఒక్కో మాటలో చోటు ఉంది, కాలం ఉంది, చేయాల్సిన పనీ ఉంది.

చేపల మాటలూ అంతే. మావు అంటే లోపలికి పోయిన చేప బయటికి రాలేని బుట్ట. ఊత అంటే లోతు లేని బురదనీళ్లలో పైనుంచి బోర్లించి, పై కంతలోంచి చెయ్యి పెట్టి చేపను పట్టే బుట్ట. కొరమీను గాలి పీల్చడానికి నీటి పైకి వస్తుంది. ఆ బుడగ చూసి అది ఎక్కడుందో చెప్పే పెద్దలు మనలో ఉన్నారు. నీటిమీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే దగ్గర్లోనే పెద్ద చేప కాపలా ఉన్నట్టు. ఇవి ఎవరూ బడిలో నేర్పలేదు. మాటతోపాటే చేతికొచ్చిన చదువు.

మన మాటలు అంత పనికిమాలినవైతే ఇంగ్లీషువాళ్లు ఎందుకు తీసుకున్నట్టు? పెన్న మీద నెల్లూరు దగ్గర 1855లో ఒక ఆనకట్ట కట్టారు. తర్వాత అదే శతాబ్దంలో సంగం దగ్గర ఇంకొకటి వచ్చింది. ఇంజనీర్లు వాటిని తమ కాగితాల్లో 'అనికట్' అని రాసుకున్నారు. అది ఇక్కడి మాటే: తెలుగులో ఆనకట్ట, తమిళంలో అణైక్కట్టు. మన పందికొక్కు ఇంగ్లీషులో 'బ్యాండికూట్' అయింది. 1873లో ఆ జాతికి పెట్టిన శాస్త్రీయ నామం 'బ్యాండికోటా' కూడా అదే. ఆస్ట్రేలియాలో వేరే జంతువుకీ ఆ పేరే పెట్టారు. పొలంలో కలుగు కనిపెట్టి, కుండలో పొగ పెట్టి ఎలుకను పట్టి, అది దాచుకున్న వడ్లు తీసుకున్న మనవాళ్లకు మాత్రం ఎగతాళే మిగిలింది. మాట ప్రపంచమంతా తిరిగింది. మాట తెలిసిన మనిషి గట్టు మీదే ఉండిపోయాడు.

ఇంకా పెద్ద అన్యాయం ఏమిటంటే, మన మాటలు తీసుకున్నవాళ్లు మనకు తమ మాట తగిలించారు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మనలో కొందరినీ ఆ జాబితాకెక్కించారు. చేపకోసం రాత్రి ఏటికి పోయే మనిషి ఆ చట్టం కళ్లకు అనుమానితుడు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ ముద్ర పోవాలని ఏళ్లతరబడి పోరాడారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా ఆ చూపు అంత త్వరగా పోలేదని మనకు తెలుసు.

శ్రీహరికోట సంగతీ గుర్తుంచుకోవాలి. 1835లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ దీవిని తీసుకుంది. అక్కడి మనవాళ్లు అడవి సరుకు ఏరి సర్కారుకు ఇచ్చే మనుషులయ్యారు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటును ఎంచుకున్నారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ లేచింది. దేశానికి గర్వమే, మనకూ గర్వమే. కానీ అడవి నుంచి మనిషి కదిలితే దుంప పేరు, తేనెపట్టు ఉండే చెట్టు గుర్తు, నీటిగుంట దారి కూడా కదిలిపోతాయి. అవి ఏ పరిహారం లెక్కలోనూ రాలేదు.

ఇప్పుడు ఈ మాటలతో పనేముంది అంటారా? ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3 అడవి భూముల్లో చేపల మీద, నీటివనరుల ఇతర ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. 2007 నిబంధనల్లో 13వది, క్లెయిము పెట్టుకున్నవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే సాక్ష్యంగా తీసుకోవచ్చంటుంది. అంటే ముసలమ్మ చెప్పిన మడుగు పేరు, మావు పెట్టే చోటు కాగితం మీదికి వస్తే అది సాక్ష్యం. అడవి కాని చెరువులకు, ఏటికి ఈ చట్టం వర్తించదు, ఆ తేడా గుర్తుంచుకోండి. అయినా చేపల హక్కు వేలంలో పోయే చెరువు దగ్గర కూడా, "మేం ఇక్కడివాళ్లం" అని చెప్పడానికి మనకున్న మొదటి ఆధారం ఈ మాటలే.

2022 సెప్టెంబరులో సంగం దగ్గర కొత్త బ్యారేజీ మొదలైంది. నీళ్లు నిలిస్తే పాత మడుగు ఏదో, పాయ ఏదో కనిపించదు. ఇసుక లోతుగా తోడేసిన చోట చెలమ తవ్వే పనే ఉండదు. చోటు మారితే మాట ఒక్క తరంలో పోతుంది. మన పిల్లలు 'రిజర్వాయర్' అంటారు, తప్పేం లేదు. కానీ దాని కింద ఉన్న మడుగు పేరు కూడా వాళ్లకు తెలియాలి.

అందుకని ఒక్క పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో, తాతనో కూర్చోబెట్టి అడగండి. నీళ్ల మాటలు పది, చేపల మాటలు పది, వాళ్లు వాడిన సామాను పేర్లు పది. ఏ చోట, ఏ నెలలో, ఏం చేసేవాళ్లో పక్కన రాయండి. వాళ్లు పలికినట్టే రాయండి, పుస్తకం భాషలోకి దిద్దొద్దు. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లో గొంతు కూడా రికార్డు చేయండి.

మన గురించి ఇంతకాలం వేరేవాళ్లు రాశారు. ఇకనుంచి మన చేతిరాత కూడా ఉండాలి.