మొక్కజొన్న సాళ్ళ నుంచి మౌనఘడియ దాకా

ఆటిజం అన్న మాటకు మన పత్రికల్లో కొంతకాలంగా 'స్వలీనత' అన్న అనువాదం కనిపిస్తున్నది. మూలార్థానికి అది దూరమైనదేమీ కాదు. స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1910 ప్రాంతంలో, 'తాను' అని అర్థమిచ్చే గ్రీకు పదం నుంచే ఈ పేరు కల్పించాడు. అయితే ఈ పేరులో ఒక చిక్కు ఉన్నది. వినగానే కారణమంతా ఆ మనిషి లోపలే ఉన్నదన్న భావన కలుగుతుంది. అతడు కూర్చున్న గది ఎటువంటిది, అక్కడి వెలుతురు ఎటువంటిది, చప్పుడు ఎంత, తరువాత ఏమి జరగబోతున్నదో అతడికి ఎవరైనా చెప్పారా అన్న ప్రశ్నలు ఆ పేరు చాటున పడిపోతాయి. ఈ ప్రశ్నలను ఎవరు, ఎప్పుడు అడిగారన్నదే ఈ టపాకు విషయం.

1943లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్ పదకొండుమంది పిల్లలను గురించి ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించాడు. ఆటిజం చరిత్ర ఈ వ్యాసంతో మొదలవుతుందని చెప్పడం రివాజు. నిజానికి గ్రూన్యా సుఖరేవా అనే రష్యన్ వైద్యురాలు 1925లోనే ఇటువంటి పిల్లలను వర్ణించింది. ఆమె మాట చాలాకాలం వెలుగులోకి రాలేదు. కానర్ వ్యాసంలో రెండు పరిశీలనలు మనకు ముఖ్యం. ఆ పిల్లలు తమ చుట్టూ ఉన్నది ఉన్నట్టే ఉండాలని కోరుకుంటారన్నది మొదటిది. పెద్ద చప్పుళ్ళకు, కదిలే వస్తువులకు భయపడతారన్నది రెండవది. లిఫ్టు, వాక్యూమ్ క్లీనరు, గ్యాసు పొయ్యి, పారే నీరు, చివరికి గాలి కూడా ఆయన జాబితాలో ఉన్నాయి. అంటే చుట్టూ ఉన్న స్థలంతో వీరికి కలిగే ఇబ్బంది మొదటి పుటల్లోనే నమోదై ఉన్నది.

ఆ పదకొండుమందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న పట్టణం అతడిది. నాలుగేళ్ళయినా నిండకముందే తల్లిదండ్రులు అతడిని ఒక సంస్థలో చేర్చి, ఏడాది తరువాత ఇంటికి తెచ్చుకున్నారు. 1942లో ఊరికి పది మైళ్ళ దూరంలో ఉన్న ఒక కౌలురైతు దంపతుల వద్ద ఉంచారు. 1945లో అక్కడికి వెళ్ళిన కానర్, ఆ దంపతుల తెలివికి ఆశ్చర్యపోయానని తరువాత రాశాడు. పిల్లవాడికి కొలతల పిచ్చి. వాళ్ళు అతడి చేత బావి తవ్వించి, లోతు ఎంత వచ్చిందో చెప్పమన్నారు. చచ్చిన పిట్టలను, పురుగులను ఏరి తెస్తుంటే, వాటికి పొలంలో ఒక మూల శ్మశానంగా కేటాయించి పేరు పలకలు పెట్టించారు. మొక్కజొన్న సాళ్ళను మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కానర్ చూస్తుండగానే ఆ బాలుడు గుర్రాన్ని చక్కగా మళ్ళిస్తూ ఆరు పొడుగాటి సాళ్ళు దున్నాడు.

మనస్తత్వ శాస్త్రం చదవని ఆ రైతులు చేసినది ఏమిటి? పిల్లవాడి అలవాటును విరిచే ప్రయత్నం మాని, ఆ అలవాటు ఇమిడే చోటు చూపించారు. డొనాల్డ్ ఆ తరువాత కాలేజీలో పట్టభద్రుడై, సొంత ఊరి బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, గోల్ఫు ఆడి, దేశదేశాలు తిరిగి, 2023లో 89వ ఏట కన్నుమూశాడు. కుటుంబానికి కలిమి ఉన్న మాట, ఆ బ్యాంకు తల్లివైపు వారిదన్న మాట దాచనక్కరలేదు. కానీ ఊరంతా అతడి తీరును ఎరిగి, అతడిని అతడిలాగే ఉండనివ్వడం కూడా ఆ జీవితానికి ఆధారమైంది.

దురదృష్టవశాత్తు వైద్యలోకం ఈ పాఠాన్ని అందుకోలేదు. తల్లిదండ్రుల ప్రేమరాహిత్యమే ఆటిజానికి మూలమన్న వాదం బలపడింది. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో వెలువరించిన గ్రంథం దానికి పెద్ద ప్రచారం తెచ్చింది. తల్లిని దోషిగా నిలబెట్టిన చోట గదినీ దీపాన్నీ పరీక్షించవలసిన అవసరం ఎవరికి తోస్తుంది? ఆటిజం ఉన్న పిల్లవాడికి తండ్రి, స్వయంగా మనస్తత్వవేత్త అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఈ వాదాన్ని ఖండించాడు. ఒకప్పుడు ఆ నిందకు తావిచ్చిన కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సభలో వారిని నిర్దోషులని ప్రకటించాడు.

షికాగో విశ్వవిద్యాలయంలోనే చదివిన ఎరిక్ షాప్లర్ మరొక దారి తొక్కాడు. నార్త్ కెరొలినాలో తల్లిదండ్రులనే సహోపాధ్యాయులుగా చేసుకుని ఆయన నడిపిన టీచ్ కార్యక్రమానికి 1972లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టబద్ధత కల్పించింది. ఆ తరగతి గదిలో చదువుకు ఒక చోటు, ఆటకు ఒక చోటు, విశ్రాంతికి ఒక చోటు. మధ్యలో అలమరలో, తివాచీలో హద్దులుగా ఉంటాయి. గోడమీద ఆనాటి పనుల క్రమం బొమ్మలుగా ఉంటుంది. చేయవలసిన పని ఏది, ఎంత, ఎప్పటికి ముగుస్తుంది, ఆ తరువాత ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలకు ఆ గదే సమాధానం చెప్పాలన్నది సూత్రం.

ఇంతవరకు స్థలాన్ని తీర్చినవారందరూ బయటివారే. ఆటిజం ఉన్నవారు స్వయంగా రూపకర్తలైనది తరువాతి మాట. టెంపుల్ గ్రాండిన్ పశువుల దొడ్లకు నమూనాలు గీసేది. పశువులు బెదిరే దారుల్లోకి తానే దిగి, వాటి కంటి ఎత్తున చూసి, వేలాడే గొలుసు, నేలమీది నీడ, మెరిసే లోహం వంటివి తీసివేయించేది. తన ఇంద్రియానుభవమే ఆ చూపునిచ్చిందని ఆమె రాసుకున్నది. మనుషుల కోసం ఆ పని చేసినది జిమ్ సింక్లెయిర్, మరికొందరు మిత్రులు. 1992లో తమ సంఘాన్ని స్థాపించి, 1996లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆట్రీట్ అనే వార్షిక సమావేశం మొదలుపెట్టారు. అక్కడ అత్తరు వాసనలు, ఫ్లాషు ఫోటోలు వద్దన్న నియమం ఉండేది. ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళినా తప్పుగా ఎంచేవారు కాదు. మెడలో రంగు బిళ్ళ ఉండేది. ఎరుపు చూపితే పలకరించవద్దని, పసుపు చూపితే ఎరిగినవారు మాత్రమే పలకరించవచ్చునని అర్థం. మాటలాడాలని ఉండీ మొదలుపెట్టలేనివారికి ఆకుపచ్చ ఉపయోగపడుతుంది. ఈ పద్ధతి నేడు అనేక సభల్లో వాడుకలో ఉన్నది. కట్టడం మార్చలేదు, ఖర్చు పెట్టలేదు; మర్యాద నియమాలను మాత్రమే తిరగరాశారు.

వాస్తుశిల్పులు ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చారు. కైరోకు చెందిన మాగ్డా మొస్తఫా 2008లో ప్రచురించిన పరిశోధనలో, గదిలో ప్రతిధ్వని తగ్గిస్తే పిల్లల ఏకాగ్రత పెరుగుతుందని చూపింది. తరువాత ఆమె క్రోడీకరించిన ఏడు సూత్రాల్లో ధ్వని నియంత్రణ, స్థలాల వరుసక్రమం, ఉక్కిరిబిక్కిరైనప్పుడు తలదాచుకునే మూల వంటివి ఉన్నాయి. అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా చేసింది. పూర్తి నిశ్శబ్దానికే అలవాటుపడిన పిల్లవాడు గాజుటింటి మొక్కలా బయటి ఎండకు తాళలేడు. కనుక నియంత్రణను మెట్టు మెట్టుగా సడలించాలన్నది. ఈ మాట న్యాయమైనదే. అయితే పిల్లవాడే లోకానికి అలవాటుపడాలా, లోకం కూడా ఒక అడుగు దిగిరావాలా అన్న వాదం అక్కడితో తీరదు.

లోకం దిగివచ్చిన సందర్భాలు ఈ శతాబ్దంలో కొన్ని ఉన్నాయి. 2011లో బ్రాడ్వే నాటకశాలలో లయన్ కింగ్ ప్రదర్శనను ఆటిజం ఉన్న ప్రేక్షకుల కోసం దీపాలు, శబ్దాలు సవరించి వేశారు. 2016లో గాట్విక్ విమానాశ్రయం పొద్దుతిరుగుడు పూల పట్టీని ప్రవేశపెట్టింది. అది మెడలో ఉన్నవారికి, కంటికి కనిపించకపోయినా, ఏదో ఇబ్బంది ఉన్నదని సిబ్బంది గ్రహిస్తారు. ఆ ఏడే మాంచెస్టరులోని ఒక ఆస్డా దుకాణం సంగీతం, టీవీలు, కదిలే మెట్లు ఆపి మౌనఘడియ పాటించింది. ఆ ఆచారం చాలా దేశాలకు పాకింది. మంచిదే. కానీ మిగిలిన గంటల సంగతేమిటి? ఆటిజం ఉన్న గుమాస్తా ఎనిమిది గంటలూ ఆ చప్పుడులోనే పనిచేయాలి కదా. ఒక గంట దయకు, ఎల్లవేళలా ఉండే హక్కుకు తేడా ఇక్కడ తెలుస్తుంది. 2022లో బ్రిటిష్ ప్రమాణాల సంస్థ వెలుతురు, ధ్వని, నేల, గోడల అలంకరణ వరకు కట్టడానికి మార్గదర్శకాలు ప్రకటించడం ఈ రెండవ దిశలో పడిన అడుగు.

మన దేశంలో చట్టం నత్తనడక నడిచింది. 1995 నాటి వికలాంగుల చట్టం పేర్కొన్న ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం దానిని పేరుపెట్టి గుర్తించింది. 2016 నాటి చట్టంలో అది ఇరవై ఒక్క వైకల్యాల్లో ఒకటి. రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రం చేత దేశంలో సౌలభ్య పరిస్థితిపై నివేదిక తయారు చేయించింది. 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నియమాలు కావాలని ఆదేశించింది. వైకల్యం ఉన్నవారిని సంప్రదించాలని కూడా చెప్పింది.

సౌలభ్యం అనగానే మన కార్యాలయాలకు గుర్తుకు వచ్చేది మెట్ల పక్కన వాలుదారి. అది కావలసినదే, అది కూడా లేని చోట్లు ఇంకా ఎన్నో. అయితే బస్సు స్టాండులో చెవులదిరే మైకు, ఆసుపత్రి వరండాలో అంతుతెలియని నిరీక్షణ, మినుకు మినుకుమనే ట్యూబులైటు, పేరు పిలిచినప్పుడు తలెత్తి చూడలేదని గద్దించే గుమాస్తా, వీటిని అడ్డంకులుగా లెక్కించే అలవాటు మనకింకా రాలేదు. మీ ముందు ఎందరున్నారో చూపే బోర్డు, మైకు సోకని ఒక మూల, ముందుగా చెప్పిన ఒక మాట చాలాచోట్ల సరిపోతాయి. వయోవృద్ధులకు, పసిపిల్లల తల్లులకు కూడా అవి అక్కరకు వస్తాయి.

పైన చెప్పిన ఎనభై ఏళ్ళలో, ఎదుటి మనిషికి ఏది కష్టంగా ఉన్నదో గమనించినప్పుడో, అడిగినప్పుడో మాత్రమే పని ముందుకు సాగింది. రేపు మన ఊళ్ళలో నియమాలు రాసే బల్ల చుట్టూ ఇంజనీర్లు, అధికారులు ఎలాగూ ఉంటారు. ఆటిజం ఉన్నవారికి అక్కడ కుర్చీ వేస్తారా లేదా అన్నదాని మీదే ఆ నియమాల విలువ ఆధారపడి ఉంటుంది.