శ్రవణ గది

శ్రవణ గది అనగా రికార్డు చేసిన సంగీతాన్ని వీలైనంత యథాతథంగా వినడం కోసం ఇంటిలో ప్రత్యేకంగా కేటాయించి, ధ్వనిశాస్త్ర సూత్రాలకు అనుగుణంగా తీర్చిదిద్దుకొన్న గది. ఇందులో సాధారణంగా ఒక జత లౌడ్‌స్పీకర్లు, యాంప్లిఫయరు, సంగీతాన్ని అందించే పరికరం (ఎల్.పి. ప్లేయరు, సి.డి. ప్లేయరు లేదా కంప్యూటరు), శ్రోత కూర్చునే ఆసనం ఉంటాయి. ఈ విధమైన ఉన్నత శ్రేణి పరికరాల సముదాయాన్ని హై-ఫై వ్యవస్థ అంటారు.

శ్రోత చెవికి చేరే ధ్వనిలో కొంత భాగం లౌడ్‌స్పీకరు నుండి నేరుగా వస్తుంది. మిగిలినది గోడలు, నేల, పైకప్పులపై పడి పరావర్తనం చెంది వస్తుంది. అందువలన గది కూడా ఈ వ్యవస్థలో ఒక భాగమే. మిగతా పరికరాలను నచ్చకపోతే మార్చుకోవచ్చు గాని గదిని మార్చడం కష్టం. ఎంతో ఖరీదైన లౌడ్‌స్పీకర్లు కొన్నవారు కూడా గదిని పట్టించుకోకపోతే ఆ ఖర్చుకు తగిన ఫలితం పొందలేరు.

చరిత్ర

గది ధ్వనిశాస్త్రానికి పునాది వేసినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ క్లెమెంట్ సబీన్. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఫిర్యాదులు రాగా, 1895లో ఆ సమస్యను పరిశీలించే పని ఆయనకు అప్పగించారు. ఆ మందిరంలో ఒక మాట పలికిన తరువాత ధ్వని సుమారు 5.5 సెకన్ల పాటు నిలిచి ఉండేది. సబీన్ రాత్రివేళల్లో ఒక ఆర్గాన్ గొట్టం, గడియారం సహాయంతో పరిశోధన చేశాడు. సమీపంలోని శాండర్స్ థియేటర్ నుండి మెత్తలు తెచ్చి పరుస్తూ, ధ్వని ఎంత త్వరగా అణగుతున్నదో కొలిచాడు. ఈ పరిశోధనల ఫలితంగా ఏర్పడిన సూత్రాన్ని నేటికీ వాడుతున్నారు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణంలో ఆయన సలహాలు ఉపయోగపడ్డాయి.

నేటి లౌడ్‌స్పీకర్లకు మూలమైన చలన తీగచుట్ట లౌడ్‌స్పీకరును చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో వివరించారు. రెండు లౌడ్‌స్పీకర్ల ద్వారా దిశాభేదాన్ని తెలిపే స్టీరియో పద్ధతికి ఇంగ్లండుకు చెందిన ఆలన్ బ్లుమ్లీన్ 1931లో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. దీర్ఘకాలం మోగే ఎల్.పి. రికార్డు 1948లోను, స్టీరియో ఎల్.పి.లు 1958 ప్రాంతంలోను, సి.డి. 1982లోను మార్కెట్టులోకి వచ్చాయి. స్టీరియో వచ్చిన తరువాతనే లౌడ్‌స్పీకర్లు ఎక్కడ ఉంచాలి, శ్రోత ఎక్కడ కూర్చోవాలి అన్న విషయాలకు ఇళ్ళలో ప్రాముఖ్యం పెరిగింది.

ధ్వనిపై గది ప్రభావం

స్థిర తరంగాలు

ఎదురెదురు గోడల మధ్య దూరం ధ్వని తరంగదైర్ఘ్యంలో సగానికి సమానమైనపుడు ఆ పౌనఃపున్యం వద్ద గది అనునాదం చెందుతుంది. ధ్వని వేగాన్ని (సెకనుకు సుమారు 344 మీటర్లు) గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే మొదటి అనునాద పౌనఃపున్యం లభిస్తుంది. దాని రెండు రెట్లు, మూడు రెట్లు విలువల వద్ద కూడా అనునాదాలు ఉంటాయి.

ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల గదిలో మొదటి అనునాదాలు ఈ విధంగా ఉంటాయి.

పొడవు వెంబడి: సుమారు 28 హెర్ట్జ్
వెడల్పు వెంబడి: సుమారు 38 హెర్ట్జ్
ఎత్తు వెంబడి: సుమారు 56 హెర్ట్జ్

ఈ గది పొడవు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు. కావున పొడవు వెంబడి వచ్చే రెండవ అనునాదం కూడా 56 హెర్ట్జ్ వద్దనే ఏర్పడుతుంది. రెండూ ఒకే చోట చేరడం వలన ఆ స్వరం మిగతా వాటికంటే బిగ్గరగా మోగుతుంది. అదే గది ఎత్తు 9 అడుగులైతే ఎత్తు వెంబడి అనునాదం 63 హెర్ట్జ్‌కు జరిగి ఈ దోషం తొలగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానమైన ఘనాకారపు గది శ్రవణానికి అన్నింటికంటే అనుకూలం కానిది.

స్థిర తరంగంలో పీడనం గోడల వద్ద అత్యధికంగాను, మొదటి అనునాదానికి గది మధ్యలో అత్యల్పంగాను ఉంటుంది. అందువలన గదికి సరిగ్గా నడుమ కూర్చున్నవారికి ఆ స్వరం దాదాపు వినిపించదు. వెనుక గోడకు ఆనుకొని కూర్చున్నవారికి అదే స్వరం హోరుగా వినిపిస్తుంది. ఒకే పాట, ఒకే పరికరం అయినా కుర్చీ మూడడుగులు జరిపితే ధ్వని మారిపోవడానికి కారణం ఇదే.

జర్మన్ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ పేరుతో పిలిచే ష్రోడర్ పౌనఃపున్యం కంటే దిగువన విడివిడి అనునాదాల ప్రభావం ప్రధానంగా ఉంటుంది. పై గదిలో ప్రతినాద కాలం 0.4 సెకను అనుకొంటే ఇది సుమారు 137 హెర్ట్జ్. 131 హెర్ట్జ్ వద్ద షడ్జమం నిలుపుకొనే పురుష గాయకుల మంద్ర స్థాయి స్వరాలు, 41 హెర్ట్జ్ వరకు దిగే డబుల్ బేస్ వాద్యపు అడుగు స్వరాలు ఈ పరిధిలోకే వస్తాయి.

ప్రతినాదం

ధ్వని జనకం ఆగిపోయిన తరువాత ధ్వని స్థాయి 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలాన్ని ప్రతినాద కాలం అంటారు. మెట్రిక్ కొలతలలో సబీన్ సూత్రం ఇది.

ప్రతినాద కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణం

తెలుగు ప్రాంతాలలోని ఇళ్ళలో సాధారణంగా సిమెంటు పూత వేసిన ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, గ్రానైట్ లేదా టైల్స్ నేల ఉంటాయి. ఇటువంటి గట్టి ఉపరితలాలు తమపై పడిన ధ్వనిలో నూటికి రెండు మూడు వంతులను మాత్రమే శోషించుకొంటాయి. పైన చెప్పిన గది ఘనపరిమాణం సుమారు 85 ఘనపు మీటర్లు. తలుపులు, కిటికీలను లెక్కలోకి తీసుకోకపోతే, సామాను లేని ఆ గదిలో ప్రతినాద కాలం 3 సెకన్లకు పైగా ఉంటుంది. దీనిని 0.4 సెకనుకు తగ్గించడానికి సుమారు 34 చదరపు మీటర్ల సంపూర్ణ శోషణకు సమానమైన ఏర్పాటు అవసరం. ఇది ఆ గది నేల వైశాల్యం (28 చదరపు మీటర్లు) కంటే ఎక్కువ. ఒక తివాచీ, రెండు పరదాలతో ఈ పని పూర్తి కాదు.

ఇళ్ళలో 0.3 నుండి 0.5 సెకను వరకు ప్రతినాద కాలం అనుకూలమని సాధారణంగా భావిస్తారు. ప్రతినాదం పూర్తిగా లేని గదిలో సంగీతం నిర్జీవంగా వినిపిస్తుంది.

తొలి పరావర్తనాలు

లౌడ్‌స్పీకరు నుండి బయలుదేరి పక్క గోడపై ఒకసారి మాత్రమే పడి చెవికి చేరే ధ్వనిని తొలి పరావర్తనం అంటారు. ఇది నేరుగా వచ్చిన ధ్వని కంటే 2 మీటర్లు ఎక్కువ ప్రయాణిస్తే సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఇంత తక్కువ వ్యవధిలో వచ్చిన ధ్వనిని చెవి ప్రతిధ్వనిగా గుర్తించదు, మొదటి ధ్వనితో కలిపివేస్తుంది. ఈ విషయాన్ని హెల్ముట్ హాస్ 1949లో వివరంగా పరిశీలించాడు. బలమైన తొలి పరావర్తనాల వలన వాద్యాల స్థానాలు, స్వరాల గుణం కొంత మారవచ్చు. ఆ చోటును కనుగొనడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. శ్రోత తన ఆసనంలో కూర్చొని ఉండగా మరొకరు గోడ వెంట అద్దాన్ని జరుపుతారు. అద్దంలో లౌడ్‌స్పీకరు కనిపించిన చోటే పరావర్తన స్థానం. అక్కడ శోషకాన్ని గాని, పుస్తకాల అల్మారా వంటి ధ్వనిని చెదరగొట్టే వస్తువును గాని ఉంచుతారు.

శోషణం, శబ్ద నిరోధం

ఈ రెండూ వేరు వేరు పనులు. గది లోపలి ప్రతినాదాన్ని తగ్గించడం శోషణం. లోపలి ధ్వని పొరుగువారికి, బయటి రొద లోపలికి చేరకుండా ఆపడం శబ్ద నిరోధం. మెత్తని స్పాంజి శోషణకు కొంత పనికివచ్చినా శబ్దాన్ని ఆపలేదు. శబ్దాన్ని ఆపడానికి బరువైన గోడలు, ఒకదానికొకటి తగలని జంట గోడలు, సందులు లేని తలుపులు కావాలి. తలుపు కింద చిన్న సందు ఉన్నా గోడకు పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అవుతుంది.

గోడలకు గుడ్ల అట్టలు గాని, థర్మోకోల్ పలకలు గాని అతికిస్తే సరిపోతుందన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఇది సరికాదు. గుడ్ల అట్టలు శబ్దాన్ని ఆపవు, శోషణ కూడా స్వల్పమే. థర్మోకోల్‌లోని గాలి అరలు మూసుకొని ఉండడం వలన ధ్వని లోపలికి చొరబడి శక్తి కోల్పోయే అవకాశం లేదు. పైగా ఈ రెండూ సులువుగా మండుతాయి. గాలి చొరబడే గాజు ఉన్ని, రాతి ఉన్ని పలకలు మంచి శోషకాలు. వీటి నూలు పోగులు గాలిలో కలవకుండా పైన గుడ్డ కప్పుతారు.

శోషకం మందం కూడా ముఖ్యమే. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. దానిలో నాలుగవ వంతు 86 సెంటీమీటర్లు. కావున అంగుళం మందం గల పలక హెచ్చు పౌనఃపున్యాలను మాత్రమే తగ్గిస్తుంది. పలుచని పలకలతో గోడలన్నీ కప్పితే గది మందకొడిగా మారుతుంది గాని హోరు అలాగే మిగిలిపోతుంది. తక్కువ పౌనఃపున్యాల కోసం పీడనం ఎక్కువగా ఉండే గది మూలలలో మందమైన శోషకాలను ఉంచుతారు.

తలుపులు, కిటికీలు బిగించిన గదికి గాలి సరఫరా తప్పనిసరి. వేసవిలో ఫ్యాను, ఎయిర్ కండిషనర్ల శబ్దం సంగీతంలోని సున్నితమైన భాగాలను కప్పివేస్తుంది. కనుక నిర్మాణ సమయంలోనే తక్కువ శబ్దం చేసే యంత్రాన్ని, దాని స్థానాన్ని నిర్ణయించుకోవడం మంచిది.

పరికరాలు

లౌడ్‌స్పీకర్లు: పరికరాలలో ఒకదానికొకటి ఎక్కువ తేడా ఉండేవి ఇవే. కెనడా జాతీయ పరిశోధనా మండలిలోను, తరువాత హార్మన్ సంస్థలోను పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ శ్రోతలకు లౌడ్‌స్పీకర్లు కనిపించకుండా తెర వెనుక ఉంచి పరీక్షలు జరిపాడు. ఎదురుగా సమమైన స్పందన, పక్కలకు క్రమంగా తగ్గే స్పందన గల లౌడ్‌స్పీకర్లనే ఎక్కువమంది మెచ్చుకొన్నారు.

యాంప్లిఫయరు: సామర్థ్యం రెట్టింపైతే ధ్వని స్థాయి 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే జత లౌడ్‌స్పీకర్ల నుండి 3 మీటర్ల దూరంలో, ఒక్కొక్కదానికి ఒక వాటుతో, సుమారు 80 డెసిబెల్స్ లభిస్తాయి. అది వినడానికి చాలినంత స్థాయి. అయితే సంగీతంలో క్షణకాలపు శిఖరాలు సగటు కంటే 20 డెసిబెల్స్ వరకు ఎక్కువగా ఉండవచ్చు. వాటి కోసం 100 వాట్లు కావాలి.

ధ్వని మూలం: సి.డి.లో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లుగా నమోదవుతాయి. ఇది మానవుని శ్రవణ పరిధి అయిన 20,000 హెర్ట్జ్ వరకు సరిపోతుంది.

తీగలు: 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం గల మామూలు రాగి తీగ 5 మీటర్ల దూరానికి, రానుపోను కలిపి, సుమారు 0.07 ఓముల నిరోధాన్ని కలిగి ఉంటుంది. ఇది 8 ఓముల లౌడ్‌స్పీకరులో నూటికి ఒక వంతు కూడా కాదు. రెండు తీగలను గాని, రెండు యాంప్లిఫయర్లను గాని పోల్చేటపుడు ధ్వని స్థాయిని కొలిచి సమానం చేయాలి. ఏది మోగుతున్నదో వినేవారికి తెలియకూడదు. కొంచెం బిగ్గరగా మోగినది మెరుగైనదిగా తోచడం, ధర తెలిసినపుడు అభిప్రాయం మారడం సహజం.

విద్యుత్తు: భారతదేశంలో ఇళ్ళకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ విద్యుత్తు సరఫరా అవుతుంది. జపాన్ (100 వోల్టులు), అమెరికా (120 వోల్టులు) దేశాల కోసం తయారైన పరికరాలకు తగిన ట్రాన్స్‌ఫార్మరు అవసరం. పరికరాలను వేరు వేరు ఎర్త్ స్థానాలకు కలిపితే గుంయిమనే హమ్ శబ్దం రావచ్చు. అన్నింటినీ ఒకే సర్క్యూటుకు కలపడం దీనికి నివారణ. హమ్ పోగొట్టడానికి ఎర్త్ తీగను తొలగించడం ప్రాణాపాయకరం.

అమరిక, కొలత

రెండు లౌడ్‌స్పీకర్లు, శ్రోత కలిసి సమబాహు త్రిభుజంగా ఏర్పడడం ప్రామాణిక అమరిక. లౌడ్‌స్పీకర్లను గది పొడవుకు ఒక చివర, పక్క గోడలకు సమాన దూరంలో ఉంచి, హెచ్చు స్వరాల భాగం చెవి ఎత్తులో ఉండేలా చూస్తారు. ఆసనం గది నడుమ గాని, గోడకు ఆనుకొని గాని ఉండకూడదు. వీటిని కొద్దికొద్దిగా జరుపుతూ వినడానికి ఖర్చేమీ ఉండదు.

చెవితో పాటు కొలత కూడా అవసరం. కొలత మైక్రోఫోను, రూమ్ ఈక్యూ విజార్డ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు సహాయంతో స్పందన రేఖను గీయవచ్చు. డిజిటల్ సవరణ పరికరాలు హోరెత్తే స్వరాలను తగ్గించగలవు. కాని తరంగాలు పరస్పరం రద్దయిన చోట స్వరాన్ని నింపలేవు. అక్కడ ఎంత శక్తి పెంచినా రద్దయ్యే భాగం కూడా అంతే పెరుగుతుంది. ఒకటికి బదులు రెండు లేదా నాలుగు సబ్‌వూఫర్లను వేరు వేరు చోట్ల ఉంచితే గదిలోని ఆసనాల మధ్య తేడా తగ్గుతుంది.

వినికిడి రక్షణ

చక్కని వ్యవస్థలో వక్రీకరణ తక్కువ కావడం వలన ధ్వని ఎంత బిగ్గరగా ఉన్నదో శ్రోతకు తెలియకపోవచ్చు. అమెరికా వృత్తి భద్రతా సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఈ కాలం సగమవుతుంది. 94 డెసిబెల్స్ వద్ద ఒక గంట, 100 డెసిబెల్స్ వద్ద 15 నిమిషాలు మాత్రమే. ఈ కారణంగా నష్టపోయిన వినికిడి తిరిగి రాదు. బయటి రొద లేని గదిలో తక్కువ స్థాయిలోనే సంగీతంలోని సూక్ష్మాలు వినిపిస్తాయి కనుక గది నిశ్శబ్దం చెవికి కూడా రక్షణే.

ఏర్పాటు క్రమం

శ్రవణ గదిని ఏర్పాటు చేసుకొనేవారు ముందుగా గదిని, తరువాత లౌడ్‌స్పీకర్లను, వాటి స్థానాన్ని, ఆ తరువాత వాటికి తగిన యాంప్లిఫయరును, చివరగా ధ్వని మూలాన్ని, తీగలను నిర్ణయించుకోవడం మంచిది. కొనుగోళ్ళు తరచు దీనికి విలోమంగా జరుగుతుంటాయి. ప్రత్యేక గది లేనివారు కూడా ఆసనాన్ని గోడకు దూరంగా జరపడం, పుస్తకాల అల్మారాను పక్క గోడకు చేర్చడం, మందమైన పరుపును మూలలో నిలబెట్టి చూడడం వంటి మార్పులతో ఉన్న పరికరాలనుండే మెరుగైన ధ్వనిని పొందవచ్చు.

ఇవి కూడా చూడండి

ధ్వని
ప్రతిధ్వని
అనునాదం
లౌడ్‌స్పీకరు
డెసిబెల్