వకీలు వృత్తికి స్త్రీల దరఖాస్తు

పొలము గట్టు తగాదా మొదలుకొని అన్నదమ్ముల పంపకముల వరకు ఏదో యొక పనిమీద కోర్టు మెట్లెక్కని కుటుంబము మన పల్లెలలో అరుదు. కనుక వకీలనగా ఎవరో మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ వకీలు చదువునకు దరఖాస్తు పెట్టుట నేడెంత సులభమో కూడ మీరెరుగుదురు. ఇంటర్మీడియటు ముగించినవారు ఐదేండ్లు, డిగ్రీ పుచ్చుకొన్నవారు మూడేండ్లు చదువవలెను. లాసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాయుటకు మీ మనుమడెంత అర్హుడో మనుమరాలును అంత అర్హురాలే. ఈ ఏర్పాటు అనాదిగా నున్నదని పిల్లలు తలచుచుందురు. వంద సంవత్సరముల క్రిందట న్యాయశాస్త్రములో పట్టము చేతబట్టుకొని వచ్చిన స్త్రీని ఉన్నత న్యాయస్థానమే గడప వెలుపల నిలిపినది. ఆ వృత్తాంతమును ఈ పూట మీకు మనవి చేయదలచితిని.

మొదట ఒక సంగతి గమనింపవలెను. మన కోర్టులలో స్త్రీలకు బొత్తిగా చోటు లేకపోలేదు. వారు వాదులుగా నుండిరి, ప్రతివాదులుగా నుండిరి, సాక్షులుగా నుండిరి, ముద్దాయిలై బోనులోను నిలిచిరి. జమీందారీలకు వారసురాండ్రై పెద్ద పెద్ద దావాలు నడిపిన వితంతువులును కలరు. ఆచారమును బట్టి ఘోషాలో నుండు స్త్రీలు స్వయముగా కోర్టునకు రానక్కర లేదని 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు చెప్పుచున్నది. అట్టివారి సాక్ష్యము గైకొనుటకు కమీషనరు ఇంటికి పోవును. తెరకీవల ఆయన, తెరకావల ఆమె. ఘోషా స్త్రీ వ్రాసి యిచ్చిన దస్తావేజు చెల్లవలెనన్నచో, దానిని ఆమెకు చదివి వినిపించి బోధపరచితిమని దస్తావేజు తెచ్చినవారే రుజువు చేసుకొనవలెనని న్యాయస్థానములు పట్టుబట్టెడివి. ఎందుచేతననగా, ఆమె మాట తెర దాటునప్పటికి దివాను నోటనో, మరిది నోటనో, గుమాస్తా కలముననో రూపు మారుటకు వీలుండెను. తెర లోపలికి పోయి ఆమె చెప్పినది విని, దానినే కోర్టులో నిలిచి చెప్పగల స్త్రీ యొక్కతె యుండిన ఈ చిక్కులో సగము తీరెడిది గదా!

ఈ ఆలోచన మొట్టమొదట పట్టుదలగా నడిపినవారు కార్నీలియా సొరాబ్జీ గారు. 1866లో నాసికలో పుట్టిరి. బొంబాయి విశ్వవిద్యాలయములో పట్టభద్రులైన స్త్రీలలో మొదటివారు. ఇంగ్లండులో చదువుటకు సర్కారువారిచ్చు విద్యార్థి వేతనము మార్కులను బట్టి ఆమెకు రావలసినది, స్త్రీ యగుటచేత రాలేదు. స్నేహితులు చందాలు పోగుచేసి పంపగా ఆక్స్‌ఫర్డు చేరి, 1892లో అక్కడి న్యాయశాస్త్ర పరీక్షకు ప్రత్యేకానుమతితో కూర్చుండిరి. పరీక్షకు కూర్చుండనిచ్చిరి గాని పట్టమీయలేదు. అది ఆమె చేతికి వచ్చునప్పటికి ముప్పది యేండ్లు గడచినవి! స్వదేశమునకు వచ్చి మరల ఇచ్చటి పరీక్షలలోను కృతార్థులైరి. వాదించుటకు మాత్రము సన్నదు దొరకలేదు. చివరకు 1904లో బెంగాలు కోర్ట్ ఆఫ్ వార్డ్సువారు, తమ పోషణలో నున్న ఎస్టేట్లలోని ఘోషా స్త్రీలకు సలహా చెప్పు ఉద్యోగమిచ్చిరి. సలహా చెప్పవచ్చును, వాదింపరాదు. వంట చేయనిచ్చి వడ్డింపవద్దన్నట్లున్నది!

ఆ 1904వ సంవత్సరముననే మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు బారిష్టరు చదువునకై లండను పయనమైరి. రాజమహేంద్రవరములో వారు రెండవ తరగతి ప్లీడరు. ఆ తరగతివారికి మదరాసు హైకోర్టులో వాదించు హక్కు లేదు. ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి పెంచిన తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కిరి, 1907లో బారిష్టరై తిరిగివచ్చిరి. వారు లండను వెళ్ళిన ఆ యేటనే, అదే లండనులో, క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్ అను ఆంగ్ల యువతి లింకన్స్ ఇన్‌లో చేర్చుకొనుడని దరఖాస్తు పెట్టగా స్త్రీ యని త్రోసివేసిరి. పేదరికమును, సముద్రయానమును గూర్చిన కట్టుబాట్లను పట్టుదలచే దాటవచ్చును. ఈ అడ్డు అట్లు దాటదగినది కాదు.

కలకత్తా వ్యాజ్యము ఈ కథలో ముఖ్యఘట్టము. రెజీనా గుహ గారు కలకత్తా విశ్వవిద్యాలయములో ఎం.ఏ., బి.ఎల్. పరీక్షలు నెగ్గిరి. 1916లో అలీపూరు జిల్లా కోర్టులో ప్లీడరుగా నమోదు చేయుడని దరఖాస్తు పెట్టిరి. ఆ చిన్న కాగితము జిల్లా జడ్జీగారి బల్ల దాటి హైకోర్టునకు పోయి, ఐదుగురు న్యాయమూర్తుల యెదుట విచారణకు వచ్చినది. ఆమె పక్షమున వాదించినవారు ఎర్డ్లీ నార్టన్ దొరగారు. పూర్వము మదరాసులో చాలకాలము వృత్తి నడిపిన ప్రసిద్ధ బారిష్టరు.

వాదమంతయు ఒక్క మాటమీద తిరిగినది. 1879వ సంవత్సరపు వకీళ్ళ చట్టములో ప్లీడరును గూర్చి చెప్పుచోట పుంలింగము వాడబడినది. చట్టములలో పుంలింగము వాడినచోట స్త్రీలును చేరుదురని, సందర్భము విరోధించినప్పుడు మాత్రమే చేరరని సామాన్య నిబంధన యొకటి కలదు. కనుక ఈమెయు చేరునని నార్టన్ గారి వాదము. న్యాయమూర్తులు 1793 నాటి రెగ్యులేషన్ల వరకు వెనుకకు పోయి, ఆనాటినుండి వకీలన్నచో పురుషుడే యని శాసనకర్తల మనసులో నున్నదని తీర్మానించి దరఖాస్తు త్రోసిపుచ్చిరి. నేరములకు శిక్ష విధించు చట్టములోను పుంలింగమే వాడబడినది. ఆ చట్టము నాకు వర్తింపదని ఏ స్త్రీయైన చెప్పిన విందురా? శిక్షకు చేరిన స్త్రీ సన్నదునకు చేరకపోయినది. చట్టమును మార్చుట న్యాయమూర్తుల పని కాదని మీరనవచ్చును, ఆ మాటలో కొంత సబబు కలదు. అయినను కొంచెము ఆగుడు. తక్కిన కథ వినిన పిమ్మట మీరే తీర్పు చెప్పవచ్చును.

1919లో ఇంగ్లండులో చట్టము చేసి స్త్రీలకు ఆ వృత్తిని తెరచిరి. 1921 ఆగస్టులో అలహాబాదు హైకోర్టువారు సొరాబ్జీ గారిని వకీలుగా నమోదు చేసుకొనిరి. ఆ సంవత్సరాంతమున పాట్నా హైకోర్టులో సుధాంశుబాల హాజ్రా గారు దరఖాస్తు పెట్టగా, కలకత్తా తీర్పును చూపి కాదనిరి. అర్హతలు అవియే, దేశము అదియే. గంగ యొడ్డున ఒక పట్టణములో ఔనని, దిగువనున్న వేరొక పట్టణములో కాదని! ఉత్కళ నాయకులగు మధుసూదన దాసుగారు సుధాంశుబాల గారికి అండగా నిలిచిరి. ఈ చిక్కును విప్పుటకు 1923లో కేంద్ర శాసనసభ ఒక చట్టము చేసెను. అది చాల చిన్నది. స్త్రీ యన్న కారణము చేతనే ఎవరిని వకీలు వృత్తికి అనర్హులుగా నెంచరాదనునది దానిలోని అసలు మాట. సుధాంశుబాల గారికి సన్నదు దొరికినది.

చట్టము వచ్చినంతనే ఆడపిల్లలు లా కాలేజీలకు పరుగెత్తలేదు. గుమ్మము తెరచినను దారిలో వాగులుండెను. రాజమహేంద్రవరములో 1909లో పుట్టిన దుర్గాబాయి గారి సంగతి చూడుడు. సత్యాగ్రహములో మూడు మారులు జైలునకు పోయిరి. అచ్చట తోటి ఖైదీలైన పామర స్త్రీల కథలు వినిరి. తమమీది నేరమేమో, దానికి చెప్పుకొనదగిన సమాధానమేమో తెలియకయే శిక్షలపాలైనవారు వారిలో నుండిరి. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు ఆ గోడల మధ్యనే కలిగినది. కాని బడి చదువు తక్కువ. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను మొదలుకొని రావలసి వచ్చెను. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టగా, ఆడపిల్లలకు వసతిగృహము లేదు గనుక చేర్చుకొనజాలమనిరి. ఆమె పత్రికలో ప్రకటన వేయించిరి; వసతి లేక చదువు మానుకొన్న బాలికలు తనకు వ్రాయవలెనని. వ్రాసినవారిని కూడగట్టి తామే వసతి ఏర్పాటు చేసుకొనిరి. ఇక కాదనుటకు కారణము లేకపోయినది! నా మట్టుకు నాకు, ఆమె తరువాత పొందిన పదవులన్నిటికంటె ఈ ప్రకటన గొప్పగా తోచును.

1942లో మదరాసులో న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొని వృత్తిలో ప్రవేశించిరి. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికైరి. అధ్యక్షులు లేని వేళ సభను నడుపువారి పట్టికలో ఆమె పేరుండెను. 1953లో చైనా వెళ్ళినప్పుడు ఆలుమగల తగవులు విచారించు ప్రత్యేక న్యాయస్థానములను చూచివచ్చి, అట్టివి మనకును కావలెనని పట్టుబట్టిరి. ఆమె 1981లో కీర్తిశేషులైరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది.