కంప్యూటర్ల కాపలా – 2017 నేర్పిన పాఠం

మన సర్వీసులో దొంగల భయానికి బీరువాలకు తాళాలు వేశాం, చెదల భయానికి రికార్డు రూములు దులిపించాం. మన తర్వాతి వారికి మాత్రం కంటికి కనిపించని దొంగ ఎదురయ్యాడు. ఆ చరిత్రలో మన జిల్లా పేరు కూడా ఉన్నది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2017 మే 12, శుక్రవారం. 'వన్నాక్రై' అనే వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానన్నది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నట్లు అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

కార్యాలయంలో ఒక కంప్యూటరు నుంచి మరొకటి ఫైళ్లు పంచుకునే దారి ఒకటుంటుంది. విండోస్‌లో ఆ దారికున్న లోపాన్ని అమెరికా గూఢచారి సంస్థ ఎన్.ఎస్.ఏ. కనిపెట్టి రహస్యంగా వాడుకున్నది. 2017 ఏప్రిల్‌లో ఆ గుట్టు రట్టయింది. ఎవరూ ఏ బటనూ నొక్కనక్కరలేదు. ఒక మెషీనుకు అంటుకుంటే నెట్‌వర్కులో రక్షణ లేని మిగతావాటికీ పాకుతుంది. విచారమేమంటే, మైక్రోసాఫ్ట్ కంపెనీ మార్చి 14నే దానికి మరమ్మతు ఇచ్చింది. రెండు నెలలు గడిచినా ఎన్నో చోట్ల అది వేయలేదు.

ఎందుకు వేయలేదు? సీట్లో కూర్చున్న గుమాస్తాకు ఆ అధికారం ఉండదు. పాస్‌వర్డు ఒకరి దగ్గర, అనుమతి మరొకరి దగ్గర.

ఈ బాధ నాకు అనుభవమే. కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను పనిచేసిన ఒక సెక్షన్లో ఫ్లాపీ ద్వారా వైరస్ చేరి మూడు నెలల జీతాల బిల్లులు పోయాయి. నోటు పెట్టాను. జవాబు రాలేదు. నా చేతిలో ఉన్నదల్లా ఒక్కటే: ప్రతి శుక్రవారం సాయంత్రం బిల్లుల నకలు సి.డి.లో తీసి, తేదీ వేసి, బీరువాలో పెట్టడం. కొందరు నవ్వారు. మళ్లీ మెషీను చెడిన నెలలో ఆ సి.డి. వల్లనే అటెండరు మొదలు అధికారి వరకు అందరికీ ఒకటో తారీఖున జీతం అందింది.

కనుక అధికారం లేనివారికి కూడా మూడు పనులు చేతిలోనే ఉన్నాయి. కంప్యూటరుకు తగలని చోట నకలు ఉంచడం. అనుమానం రాగానే నెట్‌వర్కు తీగ పీకడం. మరమ్మతు కావాలని రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితాన్ని ఫైలులో ఉంచడం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కూడా మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. నేడు మన పింఛను లెక్కలన్నీ కంప్యూటర్లలోనే ఉన్నాయి. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలను ఒక్క మాట అడుగుదాం: "బాబూ, నకలు తీసి ఉంచావా?"