ఫోన్ పెట్టేశాక చదువుకునే ఉత్తరం

ఈమెయిల్ చరిత్రను చాలామంది ఒకే వరసలో చెబుతారు. ముందు పాప్ అనే పాత పద్ధతి ఉండేదనీ, అది ఉత్తరాన్ని సర్వర్ నుంచి దించుకుని అక్కడ తుడిచేసేదనీ, తర్వాత ఐమ్యాప్ అనే మెరుగైన పద్ధతి వచ్చి దాన్ని పక్కకు నెట్టిందనీ అంటారు. తేదీలు చూస్తే ఈ వరస నిలవదు. పాప్ తొలి రూపాన్ని జాయిస్ రేనాల్డ్స్ 1984 అక్టోబరులో ప్రకటించారు. ఉత్తరాల్ని సర్వర్‌లోనే ఉంచి చదివించే ఐమ్యాప్‌ను మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డ్‌లో 1986లో రూపొందించారు. తర్వాత లోకమంతా వాడిన పాప్ మూడో రూపం 1988 నవంబరులో వచ్చింది. అంటే ఐమ్యాప్ చేతిలో ఉండగానే పాప్‌కు మెరుగులు దిద్దారు. ఉత్తరం ఎక్కడ ఉండాలో తేల్చింది ఏ పద్ధతి గొప్పదన్న సంగతి కాదు. ఫోన్ లైన్ ఖర్చెంత, కంప్యూటర్ ఎవరిది అన్న రెండు ప్రశ్నలే దాన్ని తేల్చాయని నా వాదన.

మన దేశంలో ఈ సంగతి మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనానికి తెరిచినప్పుడు అది మొదట నాలుగు మహానగరాలకే అందింది. భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డ ప్రాంతంలో, ఉతై లాంటి ఊరి నుంచి చూస్తే వాటిలో దగ్గరిది కూడా వందల కిలోమీటర్ల దూరం. అక్కడికి మోడెమ్ కలపాలంటే ఎస్టీడీ కాలే. అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతా 250 గంటలకు 5 వేల రూపాయలు, పాప్ పనిచేసే టీసీపీ/ఐపీ ఖాతా 15 వేలు. వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. ఆ వేగంలో కూడా రెండు కిలోబైట్ల ఉత్తరం రెండు సెకన్లలో దిగిపోతుంది, చదవడానికి మాత్రం నిమిషాలు కావాలి. లైన్ మీదే కూర్చుని చదివితే ఆ నిమిషాలన్నీ బిల్లులో పడతాయి. దించుకుని ఫోన్ పెట్టేస్తే పడవు.

తెగిపోయే లైన్‌ను కూడా పాప్ లెక్కలోకి తీసుకుంది. ప్రోగ్రాం ముందు పేరు, పాస్‌వర్డ్ చెబుతుంది, ఎన్ని ఉత్తరాలున్నాయో అడుగుతుంది, ఒక్కొక్కటీ తెప్పించుకుని తుడిచెయ్యమంటుంది. సర్వర్ వెంటనే తుడవదు, గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. 'క్విట్' అన్న ఆజ్ఞ అందాకే నిజంగా చెరిపేస్తుంది. మధ్యలో లైన్ తెగితే గుర్తులన్నీ రద్దయి, పెట్టె ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మళ్లీ కలిపితే అదే ఉత్తరం రెండోసారి రావచ్చు, కానీ పోదు. అధ్వానపు లైన్ల మీద బతికినవాళ్లకు ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు మరొకటి దొరకదు.

మన జనంలో ఎక్కువమంది ఈమెయిల్‌ను మొదట సైబర్ కేఫ్‌లో హాట్‌మెయిల్ తెరమీద చూశారు కదా, పాప్ ఎంతమందికి తెలుసు అని అడగవచ్చు. అడగదగ్గ మాటే. కానీ కేఫ్‌లో కంప్యూటర్ మనది కాదు. దించుకుంటే ఉత్తరం ఎవరి డిస్కులోనో మిగిలిపోతుంది. అందుకే అక్కడ అది సర్వర్‌లో ఉండిపోయింది. అక్కడా జాగా ఇరుకే. హాట్‌మెయిల్ ఇచ్చిన 2 మెగాబైట్లు నిండగానే పాత ఉత్తరాల్ని చేతులారా చెరుపుకోవాల్సి వచ్చేది. ఐమ్యాప్‌లోనూ లైన్ లేకుండా చదివే వీలుంది కదా అన్నది మరో అభ్యంతరం. వీలుంది, నిజమే. కానీ దించుకున్నా అసలు ప్రతి సర్వర్ మీదే ఉంటుంది, ఆ డిస్కు జాగా ఎవరో ఒకరు భరించాలి. 2004 ఏప్రిల్‌లో జీమెయిల్ 1 గిగాబైట్ ఉచితంగా ఇచ్చాకే ఆ భారం తేలికైంది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలై, లైన్ కలిసి ఉన్నంతసేపూ ఫోన్ మీటరు తిరిగే బాధ దాన్ని పెట్టించుకున్న ఇళ్లలో తీరింది. జీమెయిల్ పాప్‌ను 2004లోనే ఇచ్చింది. ఐమ్యాప్‌ను మాత్రం 2007 అక్టోబరులో, అది పుట్టిన ఇరవై ఒక్క ఏళ్లకు ఇచ్చింది.