కాలిన పత్రాలు

మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సైనికుల సర్వీసు రికార్డుల్లో 1940 బాంబుదాడి తరవాత మిగిలిన భాగం. ఆ సెప్టెంబరులో లండన్ ఆర్న్‌సైడ్ వీధిలోని యుద్ధశాఖ గిడ్డంగిపై జర్మన్ బాంబులు పడి, సగానికి పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. అంచులు మాడినవీ, మంటలార్పిన నీటికి తడిసినవీ ఇప్పుడు లండన్ క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 363 శ్రేణిగా ఉన్నాయి. అసలు కాగితాలు ముట్టుకోలేనంత పెళుసు. మైక్రోఫిల్మ్, డిజిటల్ ప్రతులే గతి.

తాతముత్తాతల జాడ వెతికేవారికి ఇందులో పేరు దొరకడం అదృష్టమే. దొరికితే మాత్రం చేరిననాటి వయసు, ఎత్తు, వృత్తి, దగ్గరి బంధువు, గాయాలు, చివరికి క్రమశిక్షణ తప్పి పడ్డ శిక్షలు కూడా బయటపడవచ్చు. దొరకనివారికి దిక్కు పతకాల సూచిక కార్డులు. వాటిలో రెజిమెంటు, సైనిక సంఖ్య ఉంటాయి గాని తల్లిదండ్రుల వివరాలుండవు. అంతమంది జాన్ స్మిత్‌ల నడుమ తమవాణ్ని తేల్చేది ఆ సంఖ్యే. దళం మారితే అదీ మారేది. పటాలం ఎక్కడ పోరాడిందో యుద్ధ దినచర్యలు (డబ్ల్యూఓ 95) చెబుతాయి, మామూలు సిపాయి పేరు మాత్రం వాటిలో అరుదు. అధికారుల ఫైళ్లు వేరే శ్రేణుల్లో ఉన్నాయి.

మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి భారత సైన్యంలో చేరిన తెలుగు సిపాయిల ఫైళ్లు ఈ శ్రేణిలోవి కావు. వారిలో యుద్ధంలో మరణించినవారి పేర్లను కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘం జాబితాలో వెతకాలి.