వంకర నాణెములు చెప్పు చరిత్ర

నాణెమనగానే మన మనస్సునకు గుండ్రని బిళ్ళ తోచును. చదరపు బేడకాసును, అంచు వంకీలు తిరిగిన అణాకాసును చేతపట్టిన పెద్దలు నేటికిని కొందరు కలరు. అయినను అవియు యంత్రము తీర్చిన రూపములే. రెండువేల యేండ్లకు పూర్వము కృష్ణాతీరమున చెలామణి యైన నాణెములు అట్టివి కావు. ఒకటి పలక, ఒకటి కోల, మూల తెగినది వేరొకటి. ఏ రెండును ఒక్క తీరున నుండవు.

విజయవాడలో గవర్నర్‌పేటకు చేరువను, బందరు రోడ్డుపై 1887లో విక్టోరియా జూబిలీ పేర పునాది పడిన మ్యూజియము కలదు. నేడది బాపు మ్యూజియము. ఇట్టి ప్రదర్శనశాలలలో ఈ నాణెములను తొలిసారి చూచినవారు, ఇవి విరిగిన ముక్కలా యని అడుగుట సహజము. వాని పుట్టుక తెలిసినచో ఆ సందేహము తీరును.

మన దేశపు నాణెములలో మిక్కిలి పాతవి వెండి విద్ధాంక నాణెములు. వెండిని రేకుగా సాగగొట్టి, ముక్కలుగా కత్తిరించి, త్రాసున వేసెడివారు. బరువు హెచ్చినచో మూలను తెగగొట్టెడివారు. ముప్పదిరెండు గురువింద గింజల యెత్తు, అనగా సుమారు మూడున్నర గ్రాములు, సరిపడిన పిదప సూర్యుడు, ఏనుగు మొదలగు గుర్తులను, సాధారణముగా అయిదింటిని, వేరువేరు ముద్దరలతో ఒకవైపున కొట్టెడివారు. కనుక ఆ మూల తెగుట తూకమునందలి నిజాయితీకి సాక్ష్యము.

అమరావతిలో లభించిన నిక్షేపమున ఇట్టి నాణెములు ఏడువేలకు పైగా కలవు. పరమేశ్వరీలాల్ గుప్తా వానిని పరిశీలించి వ్రాసిన గ్రంథమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1963లో ప్రకటించినది. చేతులు మారిన కొలదియు వెండి అరుగును. ఆ తరుగునుబట్టి నాణెముల ముందువెనుకలను లెక్కింపవచ్చునని, తక్షశిలలో 1924లో దొరికిన నిక్షేపమును తూచి గణితవేత్త కోశాంబి చూపిరి. నిక్షేపము చెదరిపోయినచో ఆ లెక్కకు ఆధారమే యుండదు.

శాతవాహనుల సీసపు నాణెముల సంగతియు నిట్టిదే. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది యగుటచే రాజు పేరు తరచుగా పూర్తిగా పడలేదు. యజ్ఞశ్రీ పేరిలో కొంత ఒకదానిపైనను, తక్కినది మరొకదానిపైనను చదువుకొనవలెను. 1908లో బ్రిటిష్ మ్యూజియము పట్టికను కూర్చిన రాప్సన్ పండితుడు కృష్ణా, గోదావరి జిల్లాల నాణెములను వేరువేరుగా చూపగలిగెను. దొరికిన చోటు తెలియుటవలననే అది సాధ్యమైనది. గోదావరి యొడ్డున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో లభించిన నాణెములను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి, పురాణములు చెప్పిన సిముకుని పేరును, అంతకు ముందరి గోభద, సమగోపాది పాలకుల పేర్లను గుర్తించిరి. శాతవాహనుల తొలినాళ్ళ చర్చలో కోటిలింగాలకు స్థానము కల్పించినవి ఆ చిన్న బిళ్ళలే.

మేమును ఒక అపరాధము చేసితిమి. బాల్యమున పొలములో దొరికిన రెండు సీసపు బిళ్ళలను ఇత్తడి చెంబును తోమినట్లు చింతపండుతో తోమితిమి. మెరుపు వచ్చినది, అక్షరములు పోయినవి. ఏ దిబ్బపై దొరికినవో వ్రాసి యుంచలేదు. నేడవి మా పెట్టెలో రెండు సీసపు ముక్కలు, అంతే.

నాణెములు సేకరించువారికిని, పొలము దున్నువారికిని మా మనవి ఒక్కటే. దొరికిన వానిని కడుగవద్దు, కరిగింపవద్దు, పంచుకొనవద్దు. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపమును కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించినది. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువకు అయిదవవంతు చేర్చి యిచ్చు ఏర్పాటు అందు కలదు. ఊరిపేరు, పొలము, దొరికిన లోతు, తేదీ ఒక కాగితముపై వ్రాసి నాణెములతో కలిపి యుంచుడు. ఆ కాగితము లేనందువలననే మా రెండు బిళ్ళలును మూగవోయినవి.